కంప్యూటర్ కోసం వండిన పులావు

మా వీధిలో ఒక రెక్క పచ్చగా, ఒక రెక్క నీలంగా ఉన్న గేటు ఒక్కటే ఉంది. అది ఎర్గష్ ఇల్లు. గేటుకి రంగు వేయించిన రోజు అతని భార్య సాలిహా పచ్చ అంది, అతని అన్న నీలం అన్నాడు. ఎర్గష్ ఇద్దరికీ తలూపాడు. రంగులవాడు సాయంత్రం దాకా ఓపిక పట్టి, ఒక్కో రెక్కకీ ఒక్కో రంగు పూసేసి డబ్బాలు సర్దుకుని వెళ్లిపోయాడు. మా ఊరు మార్గిలాన్‌కి కొత్తగా వచ్చినవాళ్లు అదేదో కొత్త ఫ్యాషన్ అనుకుంటారు. అది ఎర్గష్ స్వభావమని మాకు తెలుసు.

మంచివాడు. నీళ్ల మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఒక్క మనిషితో గొడవ పడి ఎరగడు. గొడవ పడాలంటే ముందు ఒక పక్కన నిలబడాలి కదా! పెళ్లిచూపులకి వెళ్లినప్పుడు అమ్మాయి నచ్చిందా అని మావగారు అడిగితే, "మీకెలా అనిపించింది?" అని తిరిగి ఆయన్నే అడిగాడట. ఆయన తన కూతురు తనకి బాగానే ఉందన్నాడు. పెళ్లయిపోయింది.

అలాంటి మనిషికి చాయ్‌ఖానాలో ఏ చోటు దొరుకుతుంది? గుమ్మం పక్కన, చెప్పులు విడిచే దగ్గర. ఉద్యోగం చేసినన్నాళ్లూ అక్కడే కూర్చున్నాడు. "కాస్త జరుగు" అని ఎవరైనా అంటే ఇంకా అటు జరిగేవాడు.

అతని జాతకాన్ని మార్చింది పల్వాన్. పల్వాన్ అంటే అతని కౌజు పిట్ట. మా ఊళ్లో మగవాళ్లకి కౌజు పిట్టల పిచ్చి ఎంతంటే, సొరబుర్రతో చేసిన పంజరానికి పట్టుగుడ్డ చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని చాయ్‌ఖానాకి తీసుకెళ్తారు. ఎవరి పిట్ట ఆపకుండా ఎక్కువసార్లు పిలిస్తే ఆ యజమానికి పైచోటు. పల్వాన్ నోరు తెరిచిందంటే 'పిట్‌పిల్దిక్, పిట్‌పిల్దిక్' అని అవతలివాళ్లు లెక్క మరిచిపోయేదాకా పిలుస్తుంది. శుక్రవారం శుక్రవారం ఎర్గష్ గుమ్మం దగ్గర్నించి కొంచెం కొంచెం లోపలికి జరిగి, చివరికి ఖోల్మత్ తాత పక్కనే కూర్చునేదాకా వచ్చాడు. ఖోల్మత్ తాత మా వీధికి పెద్ద. ఆయన పక్కన కూర్చోవడమంటే మాటలు కాదు. ఆ చోట్లో కూర్చుని చాయ్ తాగుతున్నప్పుడు ఎర్గష్ మెడ బెత్తెడు పొడుగయ్యేదని మంగలి రవ్‌షన్ నాకు చెప్పాడు.

ఇప్పుడు కంప్యూటర్ సంగతి. కొడుకు చదువుకునే రోజుల్లో కొన్నది. సాలిహా కుట్టుమిషన్ బల్ల మీద పూలగుడ్డ కప్పుకుని ఉంటుంది. తెల్లవారగానే ఎర్గష్ ఆ గుడ్డ తీసి మీట నొక్కుతాడు. అది తెరుచుకున్నప్పుడు ఒక రాగం వస్తుంది, పాత సిస్టమ్‌లకే ఉండే రాగం. ఆ రాగం రాగానే పందిరి కింద పల్వాన్ గొంతు విప్పుతుంది. ఒకసారి విప్పిందంటే ఇక రోజంతా ఆపదు. కరెంటు పోయి రాగం రాని రోజున పిట్ట నోరు తెరవదు. అంతే, ఎర్గష్‌కి నమ్మకం కుదిరింది. పిట్టకి గురువు కంప్యూటర్.

ఆ గురువుకి వయసైపోయింది. పొద్దున్నే తెర మీద ఒక చీటీ కనపడడం మొదలైంది. ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌కి కాలం చెల్లింది, కొత్తది వేయించుకోండి అని. కింద రెండు బటన్లు. ఒకటి 'ఇప్పుడే', రెండోది 'తర్వాత గుర్తు చేయి'. ఎర్గష్ ఆ రెండో బటన్‌తో ప్రేమలో పడ్డాడు.

"తాజీఖాన్ అపా, నా జీవితంలో నన్నింత మర్యాదగా అడిగినవాళ్లు లేరు. ఏమీ తేల్చకపోయినా కోపం తెచ్చుకోదు. రేపు మళ్లీ నవ్వుతూ వస్తుంది," అన్నాడు పక్కింటి అక్కనైన నాతో.

లోపల్నించి సాలిహా అరిచింది: "నాకూ అలాంటి బటన్ ఒకటి పెట్టించుకోవాల్సింది!"

"పెట్టిస్తే బాగానే ఉండేది," అన్నాడు ఎర్గష్, గొంతు తగ్గించి.

అలా నొక్కుకుంటూ పోతే ఇంకో పదేళ్లు గడిచేవి. కానీ ఆ ఇంట్లో కోడలుంది. మోహినూర్. చిన్నపిల్లలకి చదువు చెప్పే టీచరమ్మ. ఇప్పుడు పిల్లల మార్కులు కాగితం మీద కాదు, కంప్యూటర్‌లో ఎక్కించాలట. బడివాళ్ల ఆ పేజీ ఈ పాత సిస్టమ్‌లో తెరుచుకోదు. ఫోన్‌లో ఎక్కిద్దామంటే అద్దం పగిలింది, ఒక పిల్లాడికి వేయాల్సిన మార్కు పక్కవాడికి పడుతోంది. అందుకని చీకటి పడేదాకా బడిలోనే కూర్చుని ఎక్కించి వచ్చేది. వచ్చి వంట. ఒకనాడు పిండి పిసుకుతూ కునికి, ముఖం పిండిలో పెట్టేసింది. నేను ఉప్పు అడగడానికి వెళ్లి కళ్లారా చూశాను. ఉప్పు మా ఇంట్లో ఉంది, అది వేరే సంగతి.

"మావయ్యతో నువ్వే చెప్పవచ్చు కదే?" అన్నాను.

"చెప్పానండి. సరేనమ్మా అన్నారు. పొద్దున్న పిట్ట వంక చూశారు. 'తర్వాత' నొక్కారు."

"ఆ రాగాన్ని నీ ఫోన్‌లోకి పట్టి వినిపించు పిట్టకి."

"వినిపించానండి, మొన్న సెలవునాడు కరెంటు లేనప్పుడు, మధ్యాహ్నం వంటింట్లో. నాకు తోక చూపించి గింజలు తింది."

ఎర్గష్‌ని పిలిచి నిలదీశాను. అతని కళ్లలో నీళ్లొక్కటే తక్కువ. "అపా, కోడలు కష్టపడుతోందని నాకు తెలీదా? కానీ రాగం పోతే పిట్ట పోతుంది. పిట్ట పోతే నేను మళ్లీ చెప్పుల దగ్గరికి పోతాను. ఈ వయసులో మళ్లీ అక్కడ కూర్చోలేను."

"అయితే వద్దని చెప్పెయ్ ఆ పిల్లకి."

"అదీ చెప్పలేను."

తేల్చుకోలేనివాడు మా దగ్గర ఏం చేస్తాడు? పెద్దల్ని పిలిచి పులావు పెట్టి సలహా అడుగుతాడు. పెళ్లికి పెడతారు, సున్నతికి పెడతారు, ఇంటి పునాదికి పెడతారు. కంప్యూటర్‌కి పెట్టడం మార్గిలాన్‌లో అదే మొదలు. ఎర్గష్ తనే కడాయి ఎక్కించి, పసుపుపచ్చ క్యారెట్లు తరిగి, మాంసం వేయించాడు. మగవాళ్లు పెద్ద గదిలో కూర్చున్నారు. కంప్యూటర్ బల్ల కూడా అక్కడే, పూలగుడ్డ కప్పుకుని, పెళ్లికూతురిలా. నేను తలుపు దగ్గర చాయ్ పోసే పని పెట్టుకున్నాను. ఆ పని నాకెవరూ అప్పజెప్పలేదు.

బజారులో ఫోన్లు బాగుచేసే దిల్షాద్‌ని కూడా పిలిచారు. అతను గుడ్డ తీసి, మీట నొక్కి, చీటీ చూపించాడు. "ఇదే. 'ఇప్పుడే' నొక్కితే కొత్తది ఎక్కుతుంది."

ఖోల్మత్ తాత కళ్లజోడు పెట్టుకుని చూశాడు. "కొత్తది కరెంటు ఎక్కువ తింటుందా?"

"తినదు తాతా."

"పాతదాన్ని ఏం చేస్తారు?"

"చెరిపేస్తాం."

గదిలో అందరూ చొక్కా కాలర్లు పట్టుకుని 'తౌబా, తౌబా, దేవుడు క్షమించుగాక' అన్నారు. ఇన్నాళ్లూ సేవ చేసినదాన్ని చెరిపేయడమేమిటని రవ్‌షన్ బాధపడ్డాడు.

"అది మనిషి కాదు రవ్‌షన్ అకా," అన్నాడు దిల్షాద్. మా దగ్గర అన్నయ్యని అకా అంటారు.

"నీకేం తెలుసు? నా పాత కత్తెర పారేసి కొత్తది కొన్న వారమే ఇమామ్‌గారి చెవి కోశాను."

"కత్తెర తప్పా అది?" అన్నాను తలుపు దగ్గర్నించి. "కోస్తూ కిటికీలోంచి పెళ్లి ఊరేగింపు చూస్తున్నావు."

"మీరు చాయ్ పోయండి అపా!"

పులావు వచ్చింది. పులావు ముందు కంప్యూటర్ ఎంత? కాసేపు వేళ్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. మధ్యలో ఒక్కొక్కరు ఒక్కో మాట అన్నారు. ఒకరు కోడలి పక్షం, ఒకరు పిట్ట పక్షం. ఎర్గష్ ప్రతి మాటకీ "అదీ నిజమే" అని తలూపుతూ మాంసం ముక్కలు అందరి ముందుకీ తోస్తున్నాడు. దిల్షాద్ మాత్రం మౌస్ పట్టుకుని బల్ల దగ్గరే కూర్చున్నాడు, బజారులో దుకాణం మూసి వచ్చాడు మరి.

పళ్లెం ఖాళీ అయింది. నమాజు వేళవుతోందని ఖోల్మత్ తాత రెండు చేతులూ పైకెత్తాడు. ఆయన ఎత్తితే అందరం ఎత్తాలి. ఎత్తాం. తిన్న అన్నానికి దీవెనగా దువా చదివాడు. "ఆమీన్!" అని అందరం ముఖాలు తుడుచుకున్నాం. దిల్షాద్ కూడా తుడుచుకున్నాడు. తుడుచుకున్న చేతిని కిందికి దించి, 'ఇప్పుడే' నొక్కేశాడు.

"ఏం నొక్కావు?" అన్నాడు ఎర్గష్. ముఖంలో నెత్తురు లేదు.

"పెద్దాయన దువా ఇచ్చేశారు కదా అకా! మాట తెగిందనుకున్నాను."

"అది పులావుకిరా!"

అందరూ తాత వంక చూశారు. ఆయన నిదానంగా కర్ర అందుకున్నాడు. "పులావుకి వేరే, కంప్యూటర్‌కి వేరే దువాలు ఉంటాయటరా? చేతులెత్తాం. ఈ గదిలో ఏముంటే దానికే తగిలింది. ఇప్పుడు వెనక్కి తీసుకోమంటావా?"

దువాని వెనక్కి తీసుకున్నవాడు మా ఊళ్లో ఇంతవరకూ పుట్టలేదు. తెర మీద చిన్న చక్రం గిర్రున తిరుగుతోంది. ఎర్గష్ దాని ముందు కూర్చుని, ఆసుపత్రి వరండాలో కూర్చున్నట్టు చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. అతని మొహం చూసి పుచ్చకాయ కోయడానికి సాలిహాకి కూడా మనసు రాలేదు.

మోహినూర్ ఆ సాయంత్రమే మార్కులన్నీ ఎక్కించేసి, వెలుతురుండగానే రొట్టెలు కాల్చింది. మర్నాడు పొద్దున పల్వాన్ నోరు తెరవలేదు. ఆ మర్నాడూ అంతే. కోడలు సంతోషించడానికి భయపడుతూ ఇంట్లో వేళ్ల మీద నడిచింది. శుక్రవారం దగ్గరికొస్తోంది. ఎర్గష్ జలుబని చెప్పి మంచమెక్కాడు. ముక్కు చూస్తే నా ముక్కు కంటే పొడిగా ఉంది.

నాకు నిద్ర పట్టలేదు. పిట్ట అలా ఎలా మానేస్తుంది? తెల్లవారగానే గోడకి నిచ్చెన వేసుకుని ఎక్కాను. పెద్ద గది కిటికీలోంచి చూస్తే, ఎర్గష్ లేచాడు. పూలగుడ్డ తీశాడు, మీట నొక్కాడు. కంప్యూటర్ చటుక్కున తెరుచుకుంది. ఇతనూ చటుక్కున కుర్చీ లాక్కుని తెర మీద పేకాట మొదలుపెట్టాడు. పందిరి కింద పంజరం గుడ్డ కప్పుకుని అలాగే ఉంది. ఎండెక్కాక సాలిహా వాకిలి ఊడుస్తూ ఆ గుడ్డ లాగేసింది. అప్పటికి పిట్ట అలిగి కూర్చుంది.

పాత రోజులు నాకు గుర్తొచ్చాయి. ఆ పాత సిస్టమ్ తెరుచుకోవడానికి ఎంతసేపు మూలిగేదంటే, ఈలోపు ఎర్గష్ వాకిట్లోకొచ్చి, ముఖం కడుక్కుని, పంజరం గుడ్డ తీసి, పక్కనే చెక్కమంచం మీద కూర్చుని పిట్టతో తన బాధలన్నీ చెప్పుకునేవాడు. సాలిహా ఉప్పెక్కువేసిందనీ, అన్న ఉత్తరం రాయలేదనీ, రవ్‌షన్ చాయ్‌లో చక్కెర తన వైపు జరపలేదనీ. ఎవరికీ ఏమీ తేల్చి చెప్పనివాడు ఆ పిట్టకి మాత్రం అన్నీ తేల్చి చెప్పేవాడు. అవన్నీ విన్నాక పిట్టకి గొంతు విప్పక తప్పేది కాదు. సరిగ్గా అప్పుడే లోపల రాగం మోగేది. కరెంటు లేని రోజున ఇతను మంచమే దిగేవాడు కాదు.

గోడ మీంచే పిలిచాను. "ఎర్గష్‌జాన్! పిట్ట ఎదురు చూసింది రాగం కోసం కాదురా, నీ కోసం!" అని మొత్తం చెప్పాను.

అతను నోరు తెరుచుకుని విన్నాడు. "అపా, నేను పిట్టతో ఏం మాట్లాడేవాణ్ణో మీకెలా తెలుసు?"

"మా చెట్టున ఖుబానీలు పండాయేమో చూద్దామని ఎక్కుతుంటాను."

"చలికాలంలో కూడానా?"

"నీకు పిట్ట కావాలా, ఖుబానీల లెక్క కావాలా?"

మర్నాడు తెల్లవారుతూనే, ముఖం కూడా కడుక్కోకుండా, చెక్కమంచం మీద కూర్చుని పంజరం గుడ్డ తీశాడు. గోడ వైపు చూసి గొంతు సవరించుకున్నాడు. నేను తల దించుకున్నాను, చెవులు మాత్రం దించలేదు. "ఇదిగో పల్వాన్, మా గోడ పక్కన ఒకావిడ ఉంది..." అని మొదలుపెట్టాడు. నా గురించి అంతసేపు, అంత తేల్చి ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. అతని మాట నా నిచ్చెన దాకా రాకముందే పిట్ట అందుకుంది. పిట్‌పిల్దిక్, పిట్‌పిల్దిక్! వంటింట్లోంచి మోహినూర్ గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది.

శుక్రవారం నేను చాయ్‌ఖానా ఎదురుగా రొట్టెలకి వెళ్లాను. ఆ రోజు రొట్టె ఏరుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది. పల్వాన్ గొంతు రోడ్డు ఇవతలికి వినిపించింది. ఎర్గష్ పైచోట్లో కూర్చున్నాడు.

"చచ్చిందన్నారు కదా ఈ పిట్ట?" అన్నాడు రవ్‌షన్. "ఏం చేశావు ఎర్గష్ అకా?"

పొద్దున్నే పిట్టకి బాధలు చెప్పుకుంటానని పదిమంది మగవాళ్ల ముందు ఎలా చెప్తాడు? చాయ్ గుటక వేశాడు. "కొత్త సిస్టమ్," అన్నాడు.

లోపల ఒక్కసారి గుసగుసలు లేచాయి. ఖోల్మత్ తాత తన పంజరాన్ని దగ్గరికి లాక్కున్నాడు. "మావాడూ ఈమధ్య మందకొడిగా ఉన్నాడు. అయితే నన్ను కూడా వేయించమంటావా, వద్దంటావా?"

ఎర్గష్ అటూ ఇటూ చూశాడు. తిరిగి అడుగుదామంటే అందరూ అతని నోటి వంకే చూస్తున్నారు.

"వేయించండి తాతా," అన్నాడు. మీకెలా అనిపిస్తే అలా అని అనలేదు. వేయించండి అన్నాడు. నా చేతిలో రొట్టె జారిపోయింది.

"మీ ఇంట్లో కంప్యూటర్ ఎక్కడుంది తాతా?" అని చెప్పుల దగ్గర కూర్చున్న దిల్షాద్ అడిగాడు.

"పిట్ట ఉందిగా," అన్నాడు ఖోల్మత్ తాత. "ముందు సిస్టమ్ వేసెయ్. కంప్యూటర్ సంగతి తర్వాత చూద్దాం."