మార్చుకోని వాగ్దానపు చీటీ

భర్త పోయిన ఏడు నెలల్లో నాకు ఏడుపు రాలేదు, ప్రార్థనలోనూ మనసు కదల్లేదు. అయినా కొత్త సంవత్సరం ఉదయం కోవిల్‌పట్టి చర్చిలో, ఆ ఏటికి దేవుడిచ్చే వాగ్దానపు మాటగా అందరిలాగే పెట్టెలోంచి ఒక చీటీ తీశాను. ఈసారి అయ్యగారు ఆశీర్వాదాలతో పాటు ప్రవచనాల్లోని హెచ్చరికలూ రాసి వేశారు. చీటీ అరవంలో ఉంది; ఇంట్లో నేర్చిన అక్షరాలతో కూడబలుక్కుని చదివాను. బైబిలు ప్రకటన గ్రంథంలో సార్దీసు సంఘానికి వచ్చిన మాట: పేరుకే బతికున్నావు, నిజానికి చచ్చావు.

విరుదునగర్ నుంచి వచ్చిన వదిన తొంగిచూసింది. "అయ్యో, ఇదేమి వాగ్దానమమ్మా! లోపలేసి ఇంకోటి ఎత్తుకో. నేను రెండు తడవలు మార్చినా!"

ఇన్నాళ్లూ అందరూ నన్ను ధైర్యంగా ఉన్నావన్నారు. లోలోపల చచ్చానని తెలిసీ దేవుడు నాతో మాట్లాడాడు.

"ఇదే ఉండనీ వదినా," అన్నాను. కన్నీళ్లు లేకుండానే స్తోత్రం చెప్పాను.