పెట్టెకు ఆనిన అరచెయ్యి

మా నాన్న నాగభూషణానిది ఎవరేం చెప్పినా నమ్మే గుణం. ఎనభై ఆరులో గుంటూరు నుంచి ఒకాయన వచ్చి, వీడియో గేమ్ పెడితే జనం తోసుకుంటూ వస్తారని చెప్పాడు. అంతే, నరసరావుపేట బస్టాండు పక్కన ఉన్న మా ఫ్యాన్సీ కొట్లో గాజులూ రిబ్బన్లూ ఉండే మూల ఖాళీ అయిపోయి, బీరువా అంత చెక్కపెట్టె దిగింది. జనం సంగతేమో గానీ కాలేజీ కుర్రాళ్ల గోల మాత్రం వచ్చింది. మధ్యాహ్నం నాన్న భోజనానికి వెళ్తే కొట్టు చూసుకునేది నేనే. ఆ పెట్టెను చూస్తే నాకు ఒళ్లు మండేది.

తెర మీద రాక్షసులు బారులు తీరి, అటూ ఇటూ నడుస్తూ కిందికి దిగుతుంటారు. కింద మన తుపాకీ, దాని ముందు అడ్డుగోడలు. మీటతో తుపాకీని జరుపుతూ బటన్ నొక్కి కాల్చాలి. వాళ్లు అడుగేసినప్పుడల్లా పెట్టె లోపల 'ధన్, ధన్' అని మోత. చచ్చేవాళ్లు చావగా మిగిలినవాళ్లు కిందికి దిగేకొద్దీ నడక జోరందుకుంటుంది, మోత కూడా.

హనుమంతు బాబాయి ఆ ఆటకు రావడం నాకు వింతగానే ఉండేది. చుట్టం కాదు, పిలుపుకే బాబాయి; క్వారీలో రాళ్లు కొట్టే మనిషి. అంతకు రెండేళ్ల ముందు రాళ్లు పేల్చే మందు పక్కనే పేలి రెండు చెవులూ వినపడకుండా పోయాయి. తలగుడ్డ దులుపుకుని లోపలికొచ్చి, పెట్టెలో రూపాయి బిళ్ళ వేసి, ఎడమ అరచెయ్యి పెట్టె పక్కకు ఆనించేవాడు. నలుగురైదుగురు రాక్షసుల్ని కాల్చేవాడు. ఆ తర్వాత గోడ చాటుకు చేరి, తన గోడనే తను కాల్చుకుంటూ బటన్‌ను టకటకలాడించేవాడు. కుర్రాళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు.

"ఒరేయ్, తుపాకీ ఎటు పెట్టాడో చూడండిరా!"

ఆయనకు వినపడేది కాదు. రాక్షసులు కిందికి దిగి ఆట అయిపోగానే ఇంకో బిళ్ళ వేసేవాడు.

ఒకరోజు ఉండబట్టలేక భుజం తట్టి, ఏమిటిదని చేతులు తిప్పి అడిగాను. చెవులు వినపడని మనిషి కదా, బస్టాండంతా వినపడేట్టు చెప్పాడు.

"ఆట కాదమ్మాయ్, తాళం! శివరాత్రికి మా ఊరి ప్రభ బండి మీద కోటప్పకొండకి పోయేటప్పుడు ముందర డప్పు కొట్టేది నేనే. చెవులు పోయినాక పోయినేడు చెయ్యి తప్పింది. జట్టు పెద్ద బసవపున్నయ్య మామ అందరి ముందరా నా డప్పు తీసేసుకున్నాడు. ఆయన తప్పేంది, తాళం చెడితే ఊరుకుంటారా? ఈ పెట్టె మోత చేతికి తెలుస్తంది. దీంతో చెయ్యి నిలబెట్టుకోవాల. ఈసారి మళ్లా ప్రభ ముందర నుంచోవాల."

ఆ మనిషి కోరిక అంతే. మర్నాటి నుంచి ఆయన ఉన్నంతసేపూ కుర్రాళ్లను గడప తొక్కనివ్వలేదు. కరెంటు పోయినా ఆయన వెళ్లేవాడు కాదు. చల్లారిన పెట్టె మీద చెయ్యి వేసి అలాగే నిలబడేవాడు.

శివరాత్రికి మేమూ కొండకు వెళ్లాం. పొద్దు వాలుతోంది. తాటిచెట్టంత ఎత్తున గుడ్డలూ బల్బులూ కట్టిన వాళ్ల ఊరి ప్రభ, ఎడ్లు లాగుతుంటే ఊగుతూ వస్తోంది. దాని ముందు డప్పుల వరసలో హనుమంతు బాబాయి! బసవపున్నయ్య ఆయన్ను పరీక్షించి మరీ చేర్చుకున్నాడట. దెబ్బ ఒక్కటి తొట్రుపడటం లేదు. సొంత బాబాయి అయినట్టు నేను పొంగిపోయాను.

కొండ దగ్గర పడేసరికి ప్రభ బండి చక్రం ఇసుకలో దిగబడింది. ఎడ్లు నెమ్మదించాయి. వాటితో పాటు డప్పులన్నీ నెమ్మదించాయి. బాబాయి మాత్రం కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆయన చెయ్యి అంతకంతకూ జోరందుకుంది. మా కొట్లోని ఆ దిక్కుమాలిన పెట్టెకు పరుగెత్తడమే వచ్చు, నెమ్మదించడం రాదు. అదే ఆయనకూ నేర్పింది.

జనం తిరిగి చూశారు. బసవపున్నయ్య వరస దాటి వచ్చాడు. అయిపోయింది, మళ్లీ డప్పు తీసేసుకుంటాడు అనుకున్నాను. కానీ ఆయన బాబాయి వెనక్కి వెళ్లి, తన డప్పు అంచును వీపుకు ఆనించి కొట్టాడు. బాబాయి ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. చేతిలోని డప్పు పుల్ల ఆగింది. వీపుకు తగిలే దరువును కాసేపు గమనించి, మెల్లగా అందులో కలిశాడు. అలా ఒకరి వెనక ఒకరు కొండ కిందిదాకా నడిచారు. నేను ఏడ్చాను. దాచుకోవడానికి ఏముంది?

వారం తర్వాత బాబాయి మా కొట్టుకు వచ్చాడు.

"బాగా కొట్టానా అమ్మాయ్?"

తల ఊపాను.

"ఏటేటా నా ఎనకే ఉంటానన్నాడు మామ." ఆ మాట అని చాలాసేపు నవ్వాడు. తర్వాత తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకుంటూ, మొదటిసారి గొంతు తగ్గించి అన్నాడు. "చానా బాగుందంట. ఊరంతా యిన్నారంట. నేనొక్కణ్ణే యినలా."

గల్లాలోంచి నేనే ఒక బిళ్ళ తీసి పెట్టెలో వేశాను. రాక్షసులు నడక మొదలుపెట్టారు. బాబాయి రెండు అరచేతులూ పెట్టెకు ఆనించి, వాళ్లు కిందిదాకా దిగేవరకూ నిలబడ్డాడు. బటన్ మాత్రం ముట్టుకోలేదు.