చివరిసారి మెట్లెక్కింది ఎప్పుడు?

కండరాలు కరిగిపోయే నా జబ్బు మీద పరిశోధన చేసేటోళ్లు పేషెంట్ల పేర్లు రాసుకుంటున్నరంటే, ఇయ్యాల నేను గూడ ఆ రిజిస్ట్రీల చేరిన. కొత్తగూడెంల మా ఇంటికి ఫోన్ చేసి ఒకామె గంటసేపు ప్రశ్నలు అడిగింది. పన్నెండేండ్ల నుంచి ప్రతి దవాఖానాల చెప్పిన కథే మళ్ల మొదటి నుంచి చెప్పిన. నోరు నొచ్చింది.

"మందు వస్తదా అమ్మా?" అనడిగిన.

"ఇప్పుడే చెప్పలేం మేడమ్. ట్రయల్ ఏదన్నా మొదలైతే ఫోన్ చేస్తాం. ఎవరి సాయం లేకుండా చివరిసారి మెట్లెక్కింది ఎప్పుడు?"

ఎంత ఆలోచించినా యాదికి రాలే. ఫోన్ స్పీకర్ల పెట్టిన గదా, వంటింట్ల ఉల్లిగడ్డలు కోస్తున్న మా ఆయన అక్కడి నుంచే చెప్పిండు. "నాలుగేండ్ల కింద, దుమ్ముగూడెంల మీ చెల్లె పెండ్లప్పుడు. ఫంక్షన్ హాల్‌కు పదకొండు మెట్లు. నువ్వు పడితే పట్టుకుందామని నేను వెనకాలే ఎక్కిన."

వెనకాల ఆయన ఉన్నడని నాకు ఇయ్యాల్టిదాక తెల్వదు. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఉల్లిగడ్డల ఘాటని చెప్పిన.

మిగిలిన ప్రశ్నలకు ఫోన్ ఆయన చేతికే ఇచ్చి నేను పండుకున్న. అన్నిటికీ టకటకా చెప్పిండు. మీ వొంటి సంగతి మీకంటే బాగ తెలిసినోళ్లు మీ ఇంట్ల గూడ ఉన్నరా?