తారి చెప్పుల జాగ

ప్రపంచంలో ఎక్కడ బాంబు పడ్డా వరంగల్ దిక్కున్న మా గూడూరులో ముందు తెలిసేది తుల్సీరాంకు, ఆ తర్వాత నాకు. ఎందుకంటే ఆయన ఫోను చూసేది నా హోటల్ బల్ల మీద కూర్చునే. హోటల్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఎరువుల గోదాముకు ఎదురుగా రేకుల కప్పు, రెండు బల్లలు, ఒక స్టవ్వు, నేను. నా పేరు రాధ. నోరు కొంచెం పెద్దదని ఊళ్లో అంటారు. అననీయండి, నోరు లేకపోతే ఈ రోడ్డు మీద చాయ్ అమ్ముకుని బతకలేం.

తుల్సీరాంది అడవి అంచున ఉన్న తండా. ఇంట్లో వాళ్ల భాష వాళ్లది, నా దగ్గరికి వస్తే తెలుగు. వయసులో ఉన్నప్పుడు ఒమాన్ పోయి, అక్కడి ఓడరేవులో ఏళ్ల తరబడి బస్తాలు మోశాడు. ఏం బస్తాలనుకున్నారు? యూరియా. అక్కడి గ్యాసుతో తయారై, ఓడెక్కి మన దేశానికి వచ్చే యూరియా. నడుము పట్టేశాక తిరిగొచ్చి, ఉన్న కాస్త భూమిలో మక్కజొన్న వేసుకుని బతుకుతున్నాడు. మన చేలల్లో చల్లే బస్తాలు తన వీపు మీది నుంచే వచ్చాయని గొప్పలు పోయేవాడు. నేను ఊరుకుంటానా? అయితే ఆ ఖాళీ సంచే నీకు శాలువాగా కప్పుతాం తియ్యి అనేదాన్ని.

ఎగతాళి చేసినా ఆయన మాట వినని రోజు లేదు. బల్ల మీద చాయ్ గ్లాసులు పెట్టి, ఇది ఇరాన్, ఇది ఒమాన్, నడుమ ఇంత సందు, ఓడలన్నీ ఈ సందులోంచే రావాలి అని చూపించేవాడు. ఆ సందులో నా చక్కెర డబ్బా అడ్డం పెట్టి, యుద్ధమొచ్చి ఇట్లా మూసుకుంటే మన చేన్లు ఎండినట్టే అనేవాడు. చుట్టూ చేరిన రైతులు నోరు తెరుచుకుని వినేవాళ్లు. చక్కెర డబ్బా ఇటు తెమ్మని నేను మొత్తుకునేదాన్ని.

మొన్నటి వానకాలం ఆయన అన్నంత పనీ అయింది. అక్కడ క్షిపణులు లేచాయి, ఇక్కడ గోదాము ఖాళీ అయింది. యుద్ధం ఒక్కటే కారణమో, చైనావాడు పంపలేదో, మనవాళ్ల లెక్కలే తప్పాయో, చాయ్ అమ్ముకునేదాన్ని, నాకేం తెలుసు? నాకు తెలిసిందల్లా తెల్లారకముందే గోదాము ముందు జనం నిలబడడం. నిలబడలేక చెప్పులు పెట్టడం మొదలుపెట్టారు. వరుసలో చెప్పుల జత ఉంటే మనిషి ఉన్నట్టే. నీడకు పోవచ్చు, అన్నం తిని రావచ్చు. చెప్పులు తీసుకుంటే మాత్రం జాగ పోయినట్టే. ఇంకొకరి చెప్పులు జరిపినవాడికి అవే చెప్పులు వీపు మీద పడతాయి.

ఆ చెప్పులకు కావలి తుల్సీరామే. ఎవరూ పెట్టలేదు, దానికదే అయింది. "తుల్సన్నా, జర చూస్తుండు" అని చెప్పి పోయేవాళ్లు. ఆయన కర్ర పట్టుకుని వరుస పక్కన తిరిగేవాడు. కుక్క ఒక చెప్పు ఎత్తుకుపోతే వెంటపడి తెచ్చి, దాని జాగలో దాన్ని పెట్టడం నేను కళ్లారా చూశాను.

ఇక తారి సంగతి. తుల్సీరాంకు వరసకు వదిన. మొగుడు పోయాడు, కొడుకు హరీశ్ హైదరాబాద్‌లో ఆటో నడుపుతాడు, వాడి పొట్ట వాడు పోసుకోవడమే గగనం. నాలుగు మేకలు, ఎకరం మక్క, అదే ఆమెకు ఏడాది బతుకు. ఆ మక్క మోకాలి ఎత్తుకొచ్చి యూరియా కోసం చూస్తున్న రోజులవి. ఆ అదను తప్పితే తర్వాత బంగారం చల్లినా కంకి పట్టదు.

ఆ రోజు సగం లోడు లారీ వచ్చింది. పొద్దున్నే ఫోనులో కాల్పుల విరమణ అని వార్త కూడా వచ్చింది. వరుసలో తారి చెప్పులు, వాటి వెనకే తుల్సీరాం చెప్పులు. వేలిముద్రల మిషను మాటిమాటికీ ఆగిపోతుండడంతో వరుస కదలడం లేదు. తారికి రెండు రోజులుగా జ్వరం. కొంగు నెత్తిన కప్పుకుని నేల మీదనే కూర్చుంది. మేకలు పొద్దటి నుంచి కట్టేసే ఉన్నాయి.

తర్వాత జరిగింది తుల్సీరాం తన నోటితోనే నాకు చెప్పాడు, కాబట్టి ఇందులో నా కల్పన లేదు. ఓడల్లో బస్తాలు పేర్చిన మనిషి, కుప్పను చూస్తే చాలు, ఎంతమందికి వస్తాయో కంటితోనే కొలవగలడు. తారి దాకా వస్తాయి. తన దాకా రావు. ఆయన చేను కూడా ఎర్రబడుతూనే ఉంది మరి. సరిగ్గా అప్పుడే తారి తల ఎత్తి, యుద్ధం ఆగిందట గదా, ఇక బస్తాలు వస్తాయా అని అడిగింది.

"ఆగింది వదినా. ఓడలు కదిలినయి. ఇయ్యాలటియి మనదాక రావు. ఎల్లుండికి కుప్పలు పోస్తరు. జరంతోని ఎందుకు సస్తున్నవ్, ఇంటికి పో."

ఆమె ఆయన ముఖం వంక చూసింది. చెప్పులు తొడుక్కుని, మెల్లగా లేచి, మలుపు వైపు నడిచిపోయింది. ఆయన తన చెప్పుల్ని ముందుకు జరిపాడు. రెండు బస్తాలు తీసుకున్నాడు. ఆయన తర్వాత షట్టరు పడింది.

ఆ సాయంత్రం బస్తాలు బండి మీద వేసుకుని నా హోటల్ ముందు నుంచే పోయాడు. చాయ్‌కి ఆగలేదు. పిలిచినా తల తిప్పలేదు. పొగరెక్కిందనుకుని నాలుగు తిట్టుకున్నాను.

ఎల్లుండి వచ్చింది, లారీ రాలేదు. ఆ తర్వాత వారం కూడా రాలేదు. వానలు మాత్రం కురిశాయి. ఎరువు వేసినవాళ్ల చేన్లు నల్లగా లేచాయి. తారి మక్క పసుపుపచ్చబడి అక్కడే ఆగిపోయింది. తండాకు పోయే దారిలో రెండు చేన్లూ పక్కపక్కనే ఉంటాయి, బస్సులో పోయేవాడికి కూడా తేడా తెలుస్తుంది. తుల్సీరాం రోజూ ఆ గట్టు మీదనే నడవాలి.

లారీ వచ్చేసరికి అదను దాటిపోయింది. తారి మాత్రం ఆయన ఎదురుపడ్డ ప్రతిసారీ ఒకటే అడిగేది.

"యుద్ధం ఆగిందా తుల్సీ?"

గోదాము దగ్గరా అదే, గట్టు మీదా అదే, తండాలో తీజ్ పండుగకు ఆడపిల్లలు మొలకల బుట్టలు ఎత్తుకుని పోతుంటే ఆ గుంపులోనూ అదే. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు, ఊరికే అడుగుతుంది. పాపం పిచ్చిది, ఇంకా ఈయన మాటే నమ్ముతోందని మేమంతా అనుకున్నాం. తుల్సీరాం మాత్రం తేలు కుట్టిన దొంగలా పక్కకు తప్పుకుని పోయేవాడు. నా బల్ల మీద గ్లాసులు పేర్చడం మానేశాడు. ఎవరైనా రష్యా సంగతేందన్నా అని అడిగితే, నాకేం తెలుసు, నేను చదువుకున్నోణ్నా అని కసిరేవాడు.

ఒకరోజు గిరాకీ లేనివేళ పట్టుబట్టి అడిగాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని మొత్తం కక్కేశాడు.

"ఓడ నింపుడే దినాలు పడ్తది రాధక్కా. సముద్రం దాటాలె, రేవుల దించాలె, రైలెక్కాలె, వరంగల్‌ల మల్ల లారీ ఎక్కాలె. ఎల్లుండి ఎట్లస్తది? గూడూరు మొత్తంల గది ఎరుకున్నోణ్ని నేనొక్కణ్నే. ఎరుకుండే చెప్పిన."

నీ నోట్ల మన్నువడ అని తిట్టాను. చాయ్ గ్లాసు లాక్కున్నాను కూడా. ఎక్కడో యుద్ధం చేసేవాళ్లను రోజూ తిట్టేవాడివి, నీ వదిన అన్నం కుండ మీద నువ్వు బాంబు వేసినవు గదరా అన్నాను. ఆయన ఏడ్చాడు. మీసాలున్న మనిషి అట్లా ఏడుస్తుంటే నాకే భయమేసి, అయ్యిందేదో అయ్యింది, ఇప్పుడు చెప్తే ఆమె కడుపు ఇంకా కాలుతుంది, నోరు మూసుకో అని సలహా ఇచ్చాను. ఆ సలహా తలుచుకుంటే ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంది.

నోరు మూసుకున్నాడు గానీ చేతులు ఊరుకోలేదు. తారి చేనులో అడగకుండా కలుపు తీశాడు. మేకలకు తుమ్మ కొమ్మలు కొట్టి తెచ్చి ఇంటి ముందు వేశాడు. కోతలప్పుడు ఆమె కంకులు వేలంత కూడా లేవు. తన మక్కల్లోంచి రెండు బస్తాలు తీసుకెళ్లి ఆమె గుడిసె ముందు దించితే, ఆమె వద్దనలేదు, తీసుకోనూ లేదు. వాన పడితే తడుస్తాయి, లోపల పెట్టుకో వదినా అంటే, నువ్వే తీసుకపో, యుద్ధం ఆగినంక చూద్దాం అందట. ఆ రెండు బస్తాలూ మళ్లీ మోసుకుంటూ ఇంటికొచ్చాడు. ఓడరేవులో మోసిన బస్తాలన్నీ ఒక ఎత్తు, ఇవి ఒక ఎత్తు అని నాతో అన్నాడు.

యాసంగి పంటల కాలం వచ్చింది. మళ్లీ ఎక్కడో ఎవరో ఎవరి మీదనో బాంబులు వేశారు, మళ్లీ ఓడలు ఆగాయన్నారు, గోదాము ముందు మళ్లీ చెప్పులు వరుస కట్టాయి. తుల్సీరాం ఈసారి కర్ర పట్టుకోలేదు. ఎవరైనా చూస్తుండమంటే, నా మీద పెట్టకండి అనేవాడు. వరుసలో ఒక మూలకు ఒదిగి నిలబడేవాడు.

ఒకరోజు నేను గోదాము ముందుకే చాయ్ కెటిల్ పట్టుకుపోయాను, అందుకే కళ్లతో చూశాను. వరుసలో నిలబడ్డ తారి వెనక్కి తిరిగింది. మళ్లీ ఆమె వెనక ఆయనే. లారీ మళ్లీ సగమే. ఆమె చెప్పులు విప్పి వరుసలో పెట్టి, ఆయన వైపు చూసి, మేకలకు నీళ్లు పెట్టొస్తా, చూస్తుండు తుల్సీ అంది.

ఆయన వంగి ఆ చెప్పులు తీసి ఆమె కాళ్ల ముందు పెట్టాడు.

"నాకు ఒప్పజెప్పకు వదినా. ఆ దినం నేను..."

"ఎరుకే" అంది తారి.

నా చేతిలో కెటిల్ ఒలికి కాలు కాలింది. అయినా కదల్లేదు.

"మలుపు కాడ ఎనుకకు తిరిగి చూసిన. నేనింక మలుపు దాటనే లేదు, నా చెప్పుల జాగల నీ చెప్పులున్నయి."

"మరి అప్పుడే వచ్చి అడగకపోతివి? నా చెంప పగలగొట్టకపోతివి?"

"కడుపు చింపుకుంటె కాళ్ల మీదనే పడ్తది. నలుగుట్ల ఏం కొట్లాడుదు? ఇంటికి పోయి తిట్టిన. నా మక్క ఎండుతుంటె నిన్ను తిట్టని దినం లేదు."

మరి ఇన్ని దినాలు యుద్ధం ఆగిందా, యుద్ధం ఆగిందా అని ఎందుకడిగినవ్ వదినా అన్నాడు.

"నువ్వు చెప్తవేమో అని అడిగిన."

అంతే అంది. కాళ్ల ముందున్న చెప్పుల్ని మళ్లీ తీసి, ఆయన చెప్పుల ముందు, తన జాగలో జాగ్రత్తగా పెట్టింది. కొంగు నెత్తిన వేసుకుని ఎండలో ఉత్త కాళ్లతో బయల్దేరింది. నేనూ తుల్సీరాం ఇద్దరం ఆమెనే చూస్తూ నిలబడ్డాం. మలుపు దగ్గర ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.