వంటింట్ల రెండు లైట్లు

పంజాగుట్ట సిగ్నల్ కాడ బస్సుల ఉండంగ ఫోనొచ్చింది. మా సారు పోయిండ్రట. అమీర్‌పేటల మాకు మైక్రోకంట్రోలర్లు, అంటే మిషన్లను నడిపే చిన్న చిప్పులు, నేర్పిన సారు. బస్సు దిగి ఊకెనే నిలబడ్డ. ఎటు పోవాల్నో సుత తోచలే.

సారుది కోస్తా దిక్కు. మైత్రీవనం ఎనక గల్లీల క్లాసు. మమ్మల్నందర్నీ ‘మీరు’ అనేటోళ్లు. కోపమొస్తె మాత్రం చల్లగ "ఏంటండీ ఇది?" అంటుండ్రి. గా ఒక్క మాటకే మా పానం జారిపోయేది. ఇద్దరికి కలిపి ఒకటే బోర్డు ఇచ్చుడు ఆయన పద్ధతి. దాని చిప్పుల రెండు కోర్లు, అంటే రెండు బుర్రలు. చెరొక కోరు, చెరొక లైటు.

కొత్తల అందరం ఒకటే తప్పు చేస్తుంటిమి. లైట్లన్నీ ఎట్లున్నయో చదివి, మనది మార్చి, అన్నీ మళ్ల రాసేసుడు. గంతల్నే పక్కనామె తన లైటు వెలిగించుకుంటె, ముందుగాల చదివిన మన పాత రాత పోయి దాన్ని ఆర్పేది.

"నేనేం ముట్టలే సార్!" అని నేను మొత్తుకుంటుంటి.

"ముట్టారండీ. మీది ఒక్కటే మార్చండి. పక్కవారిది వారికి వదిలేయండి."

గీ చిన్నదానికి ఇంత పట్టుబడుతరేంది అని గునుగుతుంటి.

ఊపిరి జబ్బుతోని సారు క్లాసు బందు పెట్టినంక, చూడనీకి యూసుఫ్‌గూడ పోయిన. సారు భార్యను మేడం అంటుంటిమి, ఆమెకు చెవులు అస్సలు వినపడవు. అందుకే సారు వంటింట్ల గోడకు రెండు లైట్లు పెట్టిండ్రు. తలుపు బెల్లు కొడితె పచ్చది, సారు మంచం కాడ బటన్ నొక్కితె ఎర్రది వెలుగుతయి. బోర్డు ఒకటే, కోరు మాత్రం దేనిది దానికే.

"నాది ఆగినా ఆవిడది ఆగకూడదండీ" అన్నరు సారు.

సారు దినాలకొచ్చిన చుట్టాల చెయ్యి తగిలి మంచం కాడి బటన్ నొక్కుకపోయిందట. ఎర్రది వెలిగింది. మేడం గరిటె పట్టుకొనే లోపలికి ఉరికిండ్రు. మంచం ఖాళీ.

నేను పోంగనే నా చెయ్యి పట్టుకున్నరు. "ఎర్రది ఇంక వెలగకుండా చెయ్యమ్మా, చూడలేను. తలుపుది మాత్రం పోనివ్వకు. ఒక్కదాన్నే ఉండాలిగా."

ఉత్త బటన్ వైరు పీకితె, ఎవరో నొక్కిండ్రనుకొని చిప్పు దానంతటదే లైటు వెలిగించొచ్చు. అందుకే ఆ కోరునే ఆపాలె. సారు చేసింది చెడగొడ్తనేమో అని ముందుగాల అంతా రెండుసార్లు సరిచూసుకున్న. ఆయన చెప్పినట్టే ఒక్కటే మార్చిన, రెండోదాని జోలికి పోలే. బటన్ నొక్కి చూసిన. ఎర్రది వెలగలే.

మేడం చాయ పెడుతుంటె, ఎవరో బెల్లు కొట్టిండ్రు. పచ్చది వెలిగింది. హమ్మయ్య అనుకున్న.

మేడం కొంగుతోని చేతులు తుడుచుకుంట ఇటు తిరిగిండ్రు. ముందుగాల ఎర్రదాని దిక్కు చూసిండ్రు. సారు పండే అర్ర దిక్కు ఒక అడుగు వేసి, ఆగిండ్రు. గప్పుడు తలుపు తీయనీకి పోయిండ్రు.