నేను దిద్దిన పేరు

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఒళ్ళు మంట. సింగపూర్ సైన్స్ పార్క్‌లో సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగం. యంత్రం తప్పు చేసిందంటే, తప్పు చేసింది మనిషేనంటాను. అందుకే ఇది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మాది శ్రీకాకుళం వైపు. తమ్ముడూ సింగపూర్‌లోనే, జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంట్ ఇంజనీరు. వాణ్ణి అమ్మ "సిన్నోడా" అని పిలిచేది. వాడూ ఎవరడిగినా "ఇంట్లో నన్ను సిన్నోడు అంటారు" అని చెప్పేవాడు. హైదరాబాద్‌లో చదువుకున్నానన్న పొగరుతో నేను, "చిన్నోడు అనరా, పరువు తీయకు" అని దిద్దేవాణ్ణి. వాడు నవ్వేసి మళ్ళీ అలాగే అనేవాడు.

తన భార్య లక్ష్మి కడుపుతో ఉండగా వాడు, పుట్టబోయే బిడ్డకు రోజుకో కథ చెప్పి లాప్‌టాప్‌లో రికార్డు చేశాడు. అందులో విండోస్ బదులు లైనక్స్ తనే వేసుకుని డిస్కు మొత్తానికి పాస్‌వర్డుతో తాళం పెట్టాడు. పాప పుట్టకముందే గుండెపోటుతో పోయాడు. ఆస్పత్రిలో నాతో అన్న ఆఖరి మాట, "పాస్‌వర్డు నన్ను ఇంట్లో పిలిసే పేరే అన్నయ్యా, ఇంగ్లీసు అచ్చరాల్లో."

ఎనిమిది నెలలు ప్రయత్నించాను. చిన్నోడు అని సి హెచ్‌తో మొదలుపెట్టి, పెద్దక్షరాల్లో, చివర అంకెలు చేర్చి, ఎన్ని రకాలుగానో కొట్టాను. తెరుచుకోలేదు.

లక్ష్మి ఇక్కడి ఉద్యోగం మానేసి ఊరు వెళ్ళిపోతూ, ఆ లాప్‌టాప్‌ని తుడిచి కొత్తగా చేసిమ్మంది. ఆయన పెట్టినట్టే తాళం, ఆయన పేరే పాస్‌వర్డు ఉండాలంది. ముందు డిస్కు కాపీ తీస్తానన్నాను.

"వద్దు బావగారూ. కాపీ ఉంటే ఆశ ఉంటాది. నాకింక ఓపిక నేదండి, తుడిసీండి."

ఆదివారం మధ్యాహ్నం కూర్చుని ఒక్కో కమాండూ చేత్తో కొట్టాను. పాతదంతా పోతుంది, ఖాయమైతే పెద్దక్షరాల్లో వై ఇ ఎస్ అని కొట్టమంది లాప్‌టాప్. కొట్టేశాను.

కొత్త పాస్‌వర్డు కాగితం మీద రాసుకుని, సి హెచ్‌తోనే, చూసి కొట్టాను. రెండుసార్లు అడిగింది. డిస్కు తెరవడానికి మూడోసారి కూడా అదే కొడితే తెరుచుకుంది. సిస్టమంతా ఎక్కించి ఆపి, మళ్ళీ ఆన్ చేశాను.

పాస్‌వర్డు తప్పంది. మూడుసార్లు కొట్టినా అదే మాట.

పాపను చంకనేసుకుని వచ్చిన లక్ష్మి కాగితం చూసింది. "సిన్నోడు అనే కదండీ, కొట్టండి."

ఆమె పలికినట్టే ఎస్‌తో కొట్టాను. తెరుచుకుంది.

లోపల ఏముంటుంది? నేను అప్పుడే తుడిచేసిన ఖాళీ డిస్కు. ఏడుపు ఆగక బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పాను. ఎనిమిది నెలల్లో ఒక్కసారీ ఎస్‌తో కొట్టి చూడలేదని లక్ష్మికి చెప్పలేదు. ఇవాళ్టికీ చెప్పలేదు.

కీబోర్డు సెట్టింగు మారిందేమో అంటారు. రెండక్షరాలు పోయి ఒక్కక్షరం ఎలా అవుతుందండీ? ఖాళీ డిస్కుల మీద ఎన్నోసార్లు చేసి చూశాను. ఏది పెడితే దానికే తెరుచుకుంటోంది. ఆ రోజు ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు. పాత డిస్కు పాస్‌వర్డు అదేనో కాదో తెలుసుకునే దారీ లేదు.

పాపకు ఇప్పుడిప్పుడే మాటలొస్తున్నాయి. వీడియో కాల్‌లో బొమ్మ ఎత్తి చూపిస్తూ "పెద్నానా, సూడు" అంటుంది. నేను దిద్దడం లేదు.