ఓడ వెంటపడి పెట్టెను మరిచిన రోజులు

సరుకు ఉందో లేదో చూసుకోకుండా ఓడకు స్వాగతం చెప్పిన ఘనుణ్ని నేను. గుణదలలో శీతల యంత్రాలు అమ్మే సంస్థలో నా ఉద్యోగం. మచిలీపట్నం దగ్గర ఐసు ఫ్యాక్టరీ నడిపే ఒకావిడకు విదేశం నుంచి కంప్రెసర్ తెప్పిస్తున్నాం. పాతది చతికిలబడింది. సముద్రంలో చేపల వేట నిషేధం ముగిసేలోగా కొత్తది బిగించకపోతే ఆ ఊరి పడవలకు ఐసు లేదు. వాటిలో సగం ఆవిడ చుట్టాలవే.

ఫోన్‌లో ఓడల మ్యాపు ఒకటి పెట్టుకుని, రోజూ టిఫినుకు ముందు మా ఓడ చుక్కను దర్శనం చేసుకునేవాణ్ని. అది విశాఖ రేవులో ఆగగానే ఆవిడకు ఫోన్ చేశాను.

"వచ్చేసిందండీ, ముహూర్తం పెట్టించుకోండి."

ఆవిడ పెట్టించేసింది. క్రేను మాట్లాడింది, పంతులు గారిని పిలిచింది. ఆ తర్వాతే నేను పోర్టులో మా సరుకు విడిపించే క్లియరింగ్ ఏజెంటు ఆఫీసుకు ఫోన్ చేశాను. అక్కడ పెద్దాయన ఒకరున్నారు, అందరూ భాయ్ గారంటారు.

"ఓడ వచ్చిన మాట నిజమేనండీ. మీ కంప్రెసర్ ఉన్న పెట్టె అందులో ఎక్కలేదు. కొలంబోలో ఓడ మారేటప్పుడు చోటు చాలక తర్వాతి ఓడకి ఆపారు."

ఓడ వచ్చింది, నేను ఓడాను.

సంగతి చెబితే ఆవిడ, "మరి పంతులు గారు కొబ్బరికాయ దేని ముందు కొడతారండీ, మీ ఫోను ముందా?" అంది. ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే ఫోన్: "ఏవండీ ఓడగారూ, ఇవాళ ఎంతదాకా ఈదారు?"

సిగ్గుతో విశాఖ వెళ్లి భాయ్ గారి పక్కన కుర్చీ వేసుకున్నాను. కంప్యూటరు ఎదురుగా ఉన్నా ఆయనకు ఓ పొడుగాటి పుస్తకం ఉంది. పెట్టెకు ఒక వరస, వరసకు నాలుగు గళ్లు.

"పెట్టె ఓడ దిగిందా అన్నది ఓడ కంపెనీకి తెలుసండీ. దిగాక రేవు యార్డులో ఎక్కడ పెట్టారో టెర్మినల్ వాళ్లకి తెలుసు. వదిలారో లేదో కస్టమ్స్‌కి తెలుసు. లారీ బయటికెళ్లిందా అన్నది గేటు వాళ్లకి. ఎవరూ అబద్ధం చెప్పరు. ఎవరికి తెలిసింది వాళ్లు చెప్తారు. మనమే ఒక్కణ్ని అడిగి నలుగురి జవాబూ కావాలంటాం."

ఏ గడైనా ముందు పెన్సిల్‌తో నింపేవారు. పక్క గడి దాంతో పొసగితేనే దాని మీద పెన్నుతో దిద్దేవారు. నిషేధం ముగియడానికి నాలుగు రోజులుందనగా, పెట్టె దిగిందని ఓడ కంపెనీ సైట్లో కనబడింది. నా చెయ్యి ఫోను మీదికి పోయింది.

"ఇంకా పెన్సిలేనండీ," అన్నారాయన, తలెత్తకుండానే.

టెర్మినల్ జాబితాలో ఆ సాయంత్రానికి గానీ మా నంబరు ఎక్కలేదు. మర్నాడు కస్టమ్స్ వదిలింది. గేటు దాటిందన్న గడిలో ఆయన పెన్ను పడుతుంటే, నా డిగ్రీ పట్టా మీద సంతకం పడినప్పుడు కూడా నేను అంత ఒద్దికగా నిలబడలేదనిపించింది. ఎన్నో స్క్రీన్లు చూశాను గానీ, తనకు తెలియనిదాన్ని ఖాళీగా వదిలే మర్యాద ఆ పుస్తకంలోనే చూశాను.

లారీలో డ్రైవరు పక్కనే కూర్చుని బయల్దేరాను. ఆవిడకు ఒక్క ముక్క చెప్పలేదు. మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ గేటు ముందు లారీ ఆగే వేళకి ఆవిడ నుంచి ఫోన్ వచ్చింది.

"ఓడగారూ, ఎల్లుండే పడవలు కదిలేది. ఇవాళైనా నిజం చెప్తారా, పెట్టె ఎక్కడండీ?"

"నా మాటేం నమ్ముతారు లెండి," అన్నాను. "మీరే ఓసారి గేటు తీసి చూడకూడదూ?"

డ్రైవరుకు సైగ చేశాను. హారన్ గట్టిగానే కొట్టాడు.